ముందు కాలు, తర్వాత నోరు

"సీలు మీరు తీస్తారా, నన్ను తీయమంటారా?" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ తాళంచెవిని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఆయన చొక్కా మీద ముడత చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. స్టేషన్లో అందరూ ఆయన్ని వెనకాల 'ఇస్త్రీ' అంటారు. ఒకప్పుడు నా కిందే పని నేర్చుకున్నాడు. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక, నన్ను చూస్తే చాలు, ఆయనకి ఎక్కడలేని మర్యాదా పుట్టుకొస్తుంది. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండుతుంది.

"మేడమ్, మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. కానీ కేసు అయిపోయింది. హంతకుడు లాకప్‌లో ఉన్నాడు. నాలుగింటికి వ్యాన్ ఎక్కించి కోర్టుకి పంపించేస్తున్నాం. ఇంక ఈ గదిలో మీకేం పని?"

"అతను హంతకుడో కాదో కోర్టు చెప్తుంది. మీరు చెప్పాల్సింది ఆ తాళం ఎటు తిరుగుతుందో. తియ్యండి."

నా పక్కన నిలబడ్డ నర్సు పెదవి కొరుక్కుంటోంది. ఆస్పత్రి డ్యూటీ దిగాక ఇంటికే పోలేదు, తెల్ల యూనిఫారం కూడా మార్చుకోలేదు. లాకప్‌లో ఉన్నది ఆమె అన్నయ్య. లిఫ్టు మెకానిక్. ఒకసారి కోర్టు మెట్లెక్కి జైలుకి పోతే, నిర్దోషి అని తేలేసరికి అతని జుట్టు నెరుస్తుంది. అందుకే పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ తాళం తీశాడు. తీస్తూ, "పది నిమిషాలు," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అది మూడో అంతస్తులో ఉన్న ఇంగ్లీషు క్లాసు. పగలంతా ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళ కోసం పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. నడిపే మేష్టారిని మొన్న మధ్యాహ్నం ఎవరో చంపేశారు. గోడకి తగిలించిన ఎర్ర సిలిండరు, మంటలార్పేది, తీసి వెనకనుంచి తల మీద కొట్టారు. ఒంటిగంటకీ రెండింటికీ మధ్య పోయాడని డాక్టర్ అన్నాడు. సాయంత్రం బ్యాచి వాళ్ళు వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నమంతా మెకానిక్ ఆ బిల్డింగులోనే లిఫ్టు బాగుచేస్తున్నాడు. పొద్దున క్లాసులో అందరి ముందూ మేష్టారి మీద అరిచి, "ఈ గది తగలబెట్టేస్తా" అన్నది కూడా అతనే. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి? నిన్న సాయంత్రం వెళ్ళి పట్టుకొచ్చాడు.

గదిలో బెంచీలు లేవు. బోర్డు లేదు. నేల మీద మాత్రం పసుపు రంగు టేపుతో మూడు బొమ్మలు అతికించి ఉన్నాయి. రెండు పాదాలు ఇరుగ్గా పట్టేంత చిన్న సున్నా. పక్కన చాపంత పలక. ఆ వెనక దాదాపు గోడదాకా పోయిన పెద్ద వలయం. వాటి ముందు ఒక అడ్డగీత. కిటికీ దగ్గర నెత్తురు ఎండి నల్లబడింది.

"ఇదేంటి, తొక్కుడుబిళ్ల ఆటా?" అని గొణుక్కున్నాను. నర్సుని గీత దగ్గర నిలబెట్టి, "మొన్న పొద్దున ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. నువ్వు ఎప్పుడొచ్చావు?" అని అడిగాను.

ఆమె చిన్న సున్నాలోకి అడుగేసి, "ఆరింటికి మేడమ్," అంది.

"మీ అన్నని ఇక్కడ చేర్పించింది ఎప్పుడు?"

ఆమె సున్నాలోంచి నడుచుకుంటూ వెళ్ళి పెద్ద వలయంలో నిలబడింది. "మార్చిలో."

"ఒకచోట నిలబడి చెప్పమ్మా! అన్న ప్రాణం మీదికొస్తే చెమ్మచెక్క ఆడతావేంటి?" అని కసిరాను.

పాపం, ఆమె తన కాళ్ళవైపు తనే వింతగా చూసుకుంది. ముఖం ఎర్రబడిపోయింది. "తెలియకుండానే పోయింది మేడమ్. అలవాటు. మేష్టారు అలా చేసేశారు మమ్మల్ని."

"ఏం చేశారు?"

"ఇంగ్లీషులో టైము చెప్పాలంటే మాకు చచ్చేచావు. ఎట్ పెట్టాలా, ఆన్ పెట్టాలా, ఇన్ పెట్టాలా అని. మనం ఆరింటికి అంటాం, మార్చిలో అంటాం. ఆ 'కి', ఆ 'లో' తీరిగ్గా చివర్లో తగిలించుకోవచ్చు. ఇంగ్లీషులో అది ముందే వచ్చి కూర్చుంటుంది. నోరు తెరిచేలోపు తేల్చుకోవాలి. పుస్తకాలు బట్టీపట్టి, ఇంటర్వ్యూలో నీళ్ళు నమిలి, విసిగిపోయి వచ్చినవాళ్ళమే అందరం. అందుకని మేష్టారు పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు. ఈ గీత మీద నిలబెట్టి 'ఎప్పుడు?' అని అరిచేవారు. గంట చెప్పాలంటే చిన్న సున్నాలోకి దూకాలి. అది ఎట్. ఫలానా రోజు, ఫలానా తారీఖు అంటే పలకలోకి, అది ఆన్. నెలా, సంవత్సరం అయితే పెద్ద వలయంలోకి, ఇన్. ముందు కాలు పడాలి, తర్వాతే నోరు తెరవాలి. ఆలోచించడానికి టైమివ్వరు. రెండు నెలలు అలా గంతులేస్తే కాలు దానంతటదే పోతుంది మేడమ్. మా వార్డులో డాక్టర్ గారు 'పేషెంట్‌కి జ్వరం ఎప్పుడొచ్చింది?' అని అడిగితే కూడా పక్కకి జరుగుతున్నాను. మేష్టారిని మేమందరం 'ఎప్పుడు మేష్టారు' అనేవాళ్ళం."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకాస్త మండింది.

"మరి మీ అన్నయ్యకి కోపమెందుకొచ్చింది?"

"'పొద్దున' అన్న మాట దగ్గర వచ్చింది," అంది నర్సు. "పొద్దున అంటే పెద్ద వలయంలోకి వెళ్ళాలి. సాయంత్రం కూడా అంతే. రాత్రి అంటే మాత్రం చిన్న సున్నాలోకి, ఎట్ నైట్. ఎందుకో ఎవరికీ తెలీదు, అది అంతే. మేష్టారు 'పొద్దున' అనగానే అన్నయ్య సున్నాలోకి దూకాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ సున్నాలోకే. మూడోసారీ అంతే. నాలుగోసారి అందరం నవ్వేశాం. నేనూ నవ్వాను మేడమ్. వాడికి తిక్కరేగింది. 'పొద్దునకేమో ఇంత పెద్ద మేడ, రాత్రికేమో ఈ చిల్లిగుంటా? రాత్రేం పాపం చేసింది? ఈ భాషకి నీతీ న్యాయం ఏమన్నా ఉందా?' అని అరిచాడు. గది తగలబెట్టేస్తానన్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు."

"మేష్టారు ఏమన్నారు?"

"'వాడు అడిగింది సబబే, నాకూ తెలీదు' అని నవ్వారు. మనసు చివుక్కుమన్నట్టుంది, ఇంకెవరినీ గంతులేయించలేదు. రేపు చూద్దామని అందర్నీ పంపేశారు."

"విన్నారా మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నవ్వారు, నామోషీ అయింది, బెదిరించాడు, మధ్యాహ్నం ఇదే బిల్డింగులో ఉన్నాడు. ఇంకేం కావాలి?"

"కాస్త బుర్ర కావాలి," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని టేపు చూడటం మొదలుపెట్టాను. కొత్త టేపు. నిగనిగలాడుతోంది. కానీ సున్నా అంచు ఒకచోట లేచి, మడతపడి ఉంది. ఆ మడత కింద బయటపడ్డ జిగురుకి ముదురు నీలం నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. పలక దగ్గరికి జరిగాను. మూల మీద అవే పోగులు. పెద్ద వలయం అంచున కూడా ఒకచోట.

"ఈ టేపు అతికించింది ఎవరు?"

"నేనూ మేష్టారూ. మొన్న పొద్దునే, క్లాసు మొదలవకముందు. పాతది చినిగిపోయిందని మొత్తం పీకేసి కొత్తది వేశాం. చెప్పులూ బూట్లూ తొక్కితే పాడైపోతుందని మేష్టారు ఎవర్నైనా గుమ్మం బయటే విప్పించేవారు."

"దీని మీద ఎవరెవరు గంతులేశారు?"

"అన్నయ్య ఒక్కడే మేడమ్. చెప్పాను కదా, తర్వాత క్లాసే జరగలేదు."

"పలకలోకి వెళ్ళాడా?"

"లేదు. నాలుగుసార్లూ సున్నాలోకే."

"మేజోళ్ళు వేసుకుంటాడా?"

"ఎప్పుడూ వేసుకోడు. బూట్లలో చెమటకి కాళ్ళు పాసిపోతాయంటాడు. ఉత్తకాళ్ళతోనే."

నేను లేచి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడ్డాను. "మీవాళ్ళు ఈ గదిలోకి బూట్లు విప్పి వచ్చారా?"

"పోలీసులం మేడమ్. నిద్రపోవడానికి రాలేదు."

"నిద్రపోతూనే వచ్చినట్టున్నారు. వంగి ఆ టేపు చూడండి. మొన్న పొద్దున క్లాసయ్యాక, సాయంత్రం శవం కనిపించేలోపు, నీలం మేజోళ్ళ మనిషి ఎవరో ఇక్కడ పాఠం చెప్పించుకున్నాడు. సున్నాలోకి వెళ్ళాడు, పలకలోకి వెళ్ళాడు, వలయంలోకి వెళ్ళాడు. చంపడానికి వచ్చినవాడు బూట్లు విప్పుకుని గంతులేస్తాడా? అతను నేర్చుకోవడానికే వచ్చాడు. నేర్చుకున్నాక చంపాడు."

నర్సు తల అడ్డంగా ఊపింది. "మధ్యాహ్నం ఎవర్నీ రానిచ్చేవారు కాదు మేడమ్. మధ్యాహ్నం నా నిద్ర టైము, తలుపేసుకుంటాను అనేవారు."

"తలుపేసుకుని చెప్పాల్సిన పాఠం అన్నమాట. నేర్చుకుంటున్నట్టు నలుగురికీ తెలియకూడని మనిషి. అంటే ఇంగ్లీషు వచ్చునని అందరూ అనుకునే మనిషి."

ఇన్‌స్పెక్టర్ వంగలేదు. వంగితే ప్యాంటు మడత నలుగుతుందని కాబోలు. చేతులు కట్టుకుని, పసిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "మేడమ్, టేపు మొన్న పొద్దునే వేశారని సాక్ష్యం ఎవరు? ఈ అమ్మాయి. దాని మీద అన్నయ్య తప్ప ఇంకెవరూ తొక్కలేదని చెప్పేదెవరు? ఈ అమ్మాయి. అన్నకి మేజోళ్ళు లేవన్నదెవరు? చెల్లెలే. జడ్జిగారు నా మొహాన ఉమ్మేస్తారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కి ఏం లాభం? ఆ మాట వరకు ఆయన అన్నది నిజం. నర్సు నోట్లోంచి రాని సాక్ష్యం ఒకటి నాకు కావాలి, అదీ వ్యాన్ బయల్దేరేలోపు. అప్పుడే రెండున్నర దాటింది.

"మేష్టారి సామాన్లు తీసుకోవడానికి ఎవరో వస్తున్నారన్నారు?"

"కూతురూ అల్లుడూ. కింద ఎదురుచూస్తున్నారు. పాపం, వాళ్ళని మీరు..."

"పైకి పిలవండి."

అల్లుడు సరుకుల రవాణా కంపెనీలో మేనేజరు. కోటు, టై, జేబులో రెండు పెన్నులు. దుఃఖంలో ఉన్నా క్రాఫు చెదరలేదు. భార్య అతనికి రెండడుగుల వెనక వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బిపోయి ఉంది. గుమ్మం దగ్గర అతని చెయ్యి బూటు లేసుల మీదికి పోయింది. సగంలో నా కాళ్ళకి బూట్లు ఉండటం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని లేచాడు. విప్పమని అతనికి ఎవరు చెప్పారు?

"విప్పండి, పరవాలేదు," అన్నాను. నేనూ విప్పేశాను. ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ విప్పాడు.

"ఇదివరకు ఈ గదికి వచ్చారా మీరు?"

"నేనా? లేదు," అన్నాడు అల్లుడు. "మామగారిది కూలీనాలీ చేసుకునేవాళ్ళకి చెప్పే ఇంగ్లీషు. నేను అందులో పట్టా తీసుకున్నవాణ్ణి. నాకిక్కడేం పని? గడప కూడా తొక్కలేదు."

నర్సు దవడ బిగుసుకుంది. నేను కళ్ళతోనే ఆపాను.

"మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఇంటికెళ్ళి భోజనం చేస్తున్నాను. మా ఆవిడ ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పింది కదా."

భార్య నేలవైపు చూస్తూ తలూపింది.

"ఇలా వెలుగులోకి రండి," అని అతన్ని టేపు గీత మీద నిలబెట్టాను. "ఉద్యోగంలో చేరింది ఎప్పుడు?"

"ఎనిమిదేళ్ళయింది."

కాలు కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుని ఆవలించాడు. నా ప్రశ్నే తప్పు. మేష్టారు ఇలా అడిగి ఉండరు, నిలబెట్టి ఊపిరాడకుండా అడిగి ఉంటారు. మర్యాద పక్కనపెట్టి గొంతు పెంచాను. అప్పటికే నాలో ఉన్న కోపం చాలదా, నటించాల్సిన పని కూడా పడలేదు.

"పెళ్ళెప్పుడు?"

"మే నెలలో." అతని కుడి మడమ లేచింది, మళ్ళీ ఆనింది.

"మామగారితో ఆఖరుసారి మాట్లాడింది ఎప్పుడు?"

"ఆదివారం. ఏమిటండీ ఈ దబాయింపు?" పాదం పలకవైపు తిరిగి, తడబడి, గీత మీదికి వచ్చేసింది. అతనికి తెలిసింది. నుదుటి మీద చెమట పోసింది. రెండు కాళ్ళూ దగ్గరికి తెచ్చి బిగబట్టుకుని నిలబడ్డాడు. ఇంక ఆగితే నా చేతిలోంచి జారిపోతాడు.

"భార్య కన్నతండ్రి పోయాడు! మీ మొహంలో కన్నీటిచుక్క లేదు! క్రాఫు దువ్వుకుని వచ్చారు! హాయిగా పడుకున్నారా మొన్న? నిద్రెప్పుడు పట్టింది మీకు? ఎప్పుడు?"

"రాత్రి!" అని అరిచాడు అతను.

అరిచేసరికి చిన్న సున్నాలో ఉన్నాడు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, కుదురుగా, గీత తొక్కకుండా.

"రాత్రికి సున్నా," అంది నర్సు. "సరిగ్గా వేశాడు. మా అన్నయ్యకి రానిది."

నేను అతని దగ్గరికి నడిచాను. "గడప తొక్కలేదన్నారు. ఎప్పుడు అని అడిగితే ఈ ఊళ్ళో ఎవడి కాలూ కదలదు, ఈ గదిలో నెలల తరబడి గంతులేసినవాడి కాలు తప్ప. కాలు ముందు పడింది, నోరు తర్వాత తెరిచారు. బాగా నేర్పించారు మీ మామగారు."

ఇన్‌స్పెక్టర్ నా మాట వినడం లేదు. అల్లుడి పాదాల వైపు చూస్తున్నాడు. కంపెనీ యూనిఫారం మేజోళ్ళు. ముదురు నీలం. ఇన్‌స్పెక్టర్ ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద మోకాలు ఆనించి, లేచిన టేపు అంచుని వేలితో తడిమి చూశాడు.

అల్లుడు సున్నాలోంచి బయటికి వచ్చేశాడు. టై వదులు చేసుకున్నాడు. అతనిలో ఇప్పుడు భయం కంటే పౌరుషం ఎక్కువ కనిపించింది. "సరే. నేర్చుకున్నాను. మాట్లాడేటప్పుడు చిన్నచిన్న తప్పులు పోతుంటే మామగారి దగ్గర కాస్త దిద్దుకున్నాను. సిగ్గుపడి చెప్పలేదు. అదేమన్నా ఉరిశిక్షా? మొన్న మాత్రం నేను రాలేదు. ఇంట్లో భోజనం చేస్తున్నాను. ఆ నీలం పోగులు అంతకుముందు ఎప్పుడో అంటుకున్నవి."

"టేపు మొన్న పొద్దునే వేసింది," అన్నాను.

"అని ఎవరన్నారు? హంతకుడి చెల్లెలా?"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. మోకాలి దగ్గర దుమ్ము అంటుకుంది, దులుపుకోలేదు. నావైపు చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, నాకూ అనుమానం తగిలింది. కానీ ఇంట్లో ఉన్నాడని భార్య సంతకం పెట్టి ఇచ్చింది. కాలు కదిలిందని ఛార్జిషీటులో ఎలా రాయను? కోర్టులో టేపు వేసి జడ్జిగారి ముందు గంతులేయించనా? వ్యాన్ ఆపాలంటే నాకు ఇంకో ముక్క కావాలి."

పళ్ళు నూరుకోవడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. అబద్ధం తేలిపోయి కళ్ళెదుట నిలబడి ఉంటే, దాని కాలర్ పట్టుకోవడానికి చట్టంలో చోటు లేదు. అల్లుడు భార్య చెయ్యి పట్టుకుని, "పద, సామాన్లు తర్వాత తీసుకుందాం," అన్నాడు.

నర్సు వాళ్ళకి అడ్డం వెళ్ళి నిలబడింది. అతన్ని కాదు, ఆమెనే చూస్తోంది.

"అక్కా, మా అన్నయ్యకి నోటి దురుసే గానీ చెయ్యి దురుసు లేదు. మీ నాన్నగారు వాడికి ఫీజు కూడా సగమే తీసుకునేవారు. నువ్వు ఒక్కసారి నా మొహం చూసి చెప్పు. మొన్న ఈయన నిజంగా ఇంటికొచ్చారా?"

ఆమె తలెత్తలేదు. భర్త పట్టుకున్న చేతిని మాత్రం నెమ్మదిగా విడిపించుకుంది. తర్వాత అతనితో, ఇంట్లో ఉప్పుందా అని అడిగినంత మామూలుగా అంది.

"మొన్న మీరు పాఠానికి వెళ్ళి వచ్చేశాక, ఇంకెవరో వచ్చి నాన్నని కొట్టారనుకున్నాను. అలా అనుకుంటే తప్ప నాకు నిద్ర పట్టలేదు. మీరు పాఠానికి వెళ్ళలేదంటున్నారేంటి?"

అల్లుడు తెల్లమొహం వేశాడు. "మొన్నటి పాఠమా? ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"మీరు మొన్న పాఠానికి వెళ్ళలేదా?"

"చెప్పేశాడన్నమాట!" అతని గొంతు చీలిపోయింది. "నీకు చెప్పనని మాటిచ్చి, ముందే చెప్పేశాడన్నమాట ముసలాడు! మొన్న ఇదే గీత మీద నిలబెట్టి, 'పట్టా లేదని అమ్మాయికి చెప్పు, ఇవాళే చెప్పు, దాచింది చాలు' అని పట్టుకున్నాడు. ఇంకొన్నాళ్ళు ఆగండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. లేదు, ఇవాళే అన్నాడు. ఇవాళే అంటే ఏమిటి? నేను చెప్పకపోతే తను చెప్తాడనే కదా! దొంగ పట్టా అని బయటపడితే ఉద్యోగం పోతుంది, నువ్వు పోతావు, నా బతుకే..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరి ముందు మాట్లాడుతున్నాడో అప్పుడు గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

భార్య అతన్ని చూసిన చూపు నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరి కళ్ళలోనూ చూడలేదు. అంత కోపం ముందు నా కోపం ఏపాటిది?

"నీ పట్టా దొంగదని పెళ్ళైన ఏడాదే తెలుసు నాకు," అంది. ఆ క్షణం దాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగిపోయింది. "కళ్ళు నొప్పి అని ఆఫీసు ఉత్తరాలన్నీ నాచేత చదివించుకునేవాడివి కదా, నాకు తెలియదనుకున్నావా? నాన్న దగ్గరికెళ్ళి ఏడ్చింది నేను. 'ఆయనకి నేర్పు నాన్నా, నాకు తెలుసని మాత్రం తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటారు' అని బతిమాలింది నేను. తలుపేసుకుని నేర్పమన్నది నేను. మొన్న పొద్దున ఫోన్ చేసి, 'నా దగ్గర ఇంకా దాస్తుంటే తట్టుకోలేకపోతున్నాను నాన్నా, ఇవాళైనా ఆయన నోటితోనే చెప్పించు' అన్నది కూడా నేనే. నాన్న నిన్ను బెదిరించలేదు. నా మాట నీకు చేరవేశాడు. అంతే!"

అతను గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చున్నాడు.

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "రాసుకోండి. మొన్న మధ్యాహ్నం ఈ మనిషి ఇంటికి భోజనానికి రాలేదు. వచ్చాడని నేను చెప్పింది అబద్ధం. అడిగితే ఇంట్లో ఉన్నానని చెప్పమన్నాడు, పాఠం సంగతి బయటపడుతుందని సిగ్గుపడుతున్నాడనుకుని చెప్పాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. "వ్యాన్ ఆపండి. ఆ మెకానిక్‌ని దింపెయ్యండి. ఆ, దింపమంటున్నాను!" అని అటువైపువాడి మీద అరిచాడు. గెలిచానన్న సంతోషం కోసం నాలో వెతుక్కున్నాను. కనిపించలేదు.

మేష్టారి కూతురు నర్సు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మీ అన్నయ్యని లోపల కూర్చోబెట్టింది నా సంతకమే," అంది. "ఏమన్నా అను. పడతాను."

నర్సు ఆమె వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఆ కూతురికి కాస్త తేలికయ్యేది.

"పొద్దున ఒక్క నిమిషం చూడనిచ్చారక్కా," అంది. "ఒప్పుకోమని కొట్టారు. కుడిచేతి వేళ్ళు రెండు విరిగాయి. నేను పట్టుకుని చూశాను, నాకు తెలుస్తుంది కదా. వాడు మెకానిక్ అక్కా. వాడికి ఆ చెయ్యే."

అని చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లవైపు పరిగెత్తింది. నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా ఇటు తిరగలేదు.